టోపీవాడు ఎందుకు పడిపోతున్నాడు

ఫిబ్రవరి 3, సోమవారం

రాయి గిలకా. నేను చెప్పింది చెప్పినట్టే రాయి. నీ సొంత తెలివి కలపకు. చివర్లో చదివి వినిపించు, కలిపితే నాకు తెలిసిపోతుంది. చదువు లేకపోతే చెవులు కూడా ఉండవా?

రాసేది నా ఆడపడుచు. దాని నోరు ఆగదు కాబట్టి చిన్నప్పుడే గిలక అని పేరు పడింది. కానీ ‘ఇది మనిద్దరి మధ్యే’ అన్న మాట ఒక్కటి కూడా ఇంతవరకూ దాని దగ్గర్నుంచి బయటికి పోలేదు. అందుకే ఈ పుస్తకం దానితో రాయిస్తున్నాను. పుస్తకం మా షాపులో కుట్టిందే. అంచు నేను కోసిందే. వేలితో తడిమి చూడు, ఎంత తిన్నగా ఉందో. జబ్బుకు ముందు కోసిందిలే వదినా అంటోంది. అది రాయకు.

ఈ రోజు నా కొడుకు కటింగ్ మిషన్ తాళంచెవి నా నడుము నుంచి తీసుకున్నాడు. అడిగే తీసుకున్నాడు, మర్యాదగానే. అదే ఎక్కువ మండింది. లాక్కుని ఉంటే తిట్టడానికైనా వీలుండేది.

మాది బైండింగ్ షాపు. కింద షాపు, పైన ఇల్లు. కోడలు కుడుతుంది. కొడుకు అట్టలు వేస్తాడు, ఆర్డర్లు చూస్తాడు. కోత నాది. పెళ్లయి వచ్చిన ఏడాదే మామగారు నేర్పారు, అప్పటినుంచీ నాదే. పాత మిషను, దాని బిగింపు ఎప్పుడూ వదులే. అందుకని ఎడంచెయ్యి కాగితాల కట్ట మీద అదిమి ఉంచాలి, కుడిచెయ్యి మీట మీద ఉండాలి. ఎడంచెయ్యి వెనక్కి రావడం, కుడిచెయ్యి మీట లాగడం, ఈ రెండింటి మధ్య సందు ఉండకూడదు. చెయ్యి ముందే వస్తే కట్ట జరుగుతుంది. ఆలస్యంగా వస్తే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లలో నా వేళ్లు పదికి పది ఉన్నాయి.

చలికాలంలో మూతి ఓ పక్కకు లాగేసి, ఎడంచెయ్యి మొద్దుబారి ఆసుపత్రిలో పడ్డ మాట నిజమే. మూతి సరైంది. చెయ్యీ తిరిగొచ్చింది. వచ్చాక కోసిన మొదటి కట్ట ఎవరివో పాఠాల పుస్తకాలు. కోత అక్షరాల్లోకి పోయింది. పేజీ పేజీకీ చివరి మాటకు తోక తెగింది.

కొడుకు ఆ పుస్తకాలు చేతిలో తిప్పి తిప్పి చూసి, “అమ్మా, ఈసారి అక్షరాలు పోయాయి. వచ్చేసారి వేళ్లు పోతాయి” అన్నాడు.

కట్ట జారింది. నా చెయ్యి కాదు.

ఫిబ్రవరి 4

కట్ట జారింది. అంతే.

ఫిబ్రవరి 6, గురువారం

ఒకటో తారీఖు నుంచి కోతకు బయటి మనిషిని పెడతాడట. అన్నం దగ్గర చెప్పాడు, అన్నం దగ్గరైతే నేను లేచి పోనని.

“బయటివాడెందుకండీ? అత్తయ్య నేర్పితే నేను చెయ్యనూ?” అంది కోడలు.

“నీకు సూది చాల్లే అమ్మాయ్. కత్తి నీకు అబ్బదు” అన్నాను. ముఖం మాడ్చుకుంది. మాడ్చుకోనీ.

“నా చేతులకేమైందిరా?” అని వాణ్ణి అడిగాను.

“ఏం కాలేదని నాకెలా తెలియాలి చెప్పు?”

“తెలియదూ? నువ్వు నిక్కర్లో ఉన్నప్పుడు నీ టోపీవాణ్ణి వంతెన దాటించింది ఎవరి చేతులురా?”

వాడి ముఖంలో ఒక్కసారిగా చిన్నపిల్లాడు కనపడ్డాడు. మర్చిపోలేదు వెధవ.

టీవీకి తగిలించి ఆడే ఆట అది. వాడి నాన్న బతికున్న రోజుల్లో కొన్నాడు. టోపీ పెట్టుకున్న బుల్లి మనిషి పరిగెత్తుతుంటాడు. మధ్యలో వంతెన వస్తుంది. పలక మీద కాలు పెట్టగానే పలక జారిపోతుంది. చివర్లో ఇనుపగుండు ఊగుతుంటుంది. ముందుకు నడిపించేది ఎడం బొటనవేలు, ఎగిరించేది కుడి బొటనవేలు. ఇది వదలాలి, అది నొక్కాలి, మధ్యలో సందు ఉండకూడదు. కోత లాంటిదే. అందుకే నాకు రెండో రోజుకే పట్టుబడింది. మా వీధిలో ఏ పిల్లాడికీ చేతకాలేదు. షాపు ముందు వరసకట్టి, “ఆంటీ, మా వాణ్ణి వంతెన దాటించరూ” అని బతిమాలేవాళ్లు. చేతికి అంటిన జిగురు చీరకు తుడుచుకుని, పైకెళ్లి, దాటించి, దిగొచ్చేదాన్ని. 

కొడుకు నవ్వాడు. “అయితే దాటించు. ఈ నెలాఖరులోపు దాటిస్తే తాళంచెవి నీదే. మళ్లీ నోరెత్తను.”

“కోడలు సాక్ష్యం” అన్నాను.

“నేనూ సాక్ష్యమే” అంది గిలక, వంటింట్లోంచి.

ఫిబ్రవరి 8, శనివారం

అటక మీంచి ఆట పెట్టె దిగింది. తెల్లటి పెట్టె పాత పళ్లలా పచ్చబడింది. తీగలు సాలెగూళ్లతో కలిసి ముడిపడ్డాయి. పెట్టెలో దూర్చే ఆట డబ్బాలు ఉన్నాయి, ఆటకొకటి. టోపీవాడి డబ్బా మీద బొమ్మ సగం ఊడింది, అయినా వాణ్ణి నేను గుర్తుపట్టనా?

ముందు డబ్బా పళ్లలోకి ఊదాలి. ఊది పెట్టడం అప్పటి పద్ధతి. ఊదాను. టీవీలో బూడిదరంగు పురుగులు వచ్చాయి. గిలక ఊదింది. కొడుకు ఊదాడు. కోడలు మా ముగ్గుర్నీ చూసి, డబ్బా తీసుకుని, పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరుతో దాని ఇత్తడి పళ్లు రుద్దింది. అప్పుడు వచ్చింది పాట. ఆ పాట వినగానే షాపులో పాత జిగురు వాసన వేసింది నాకు, నిజంగా.

కానీ దానికంటే ముందు ఇంకో గొడవ. గోడకున్న ఈ పల్చటి టీవీకి ఆ తీగలు పెట్టడానికి కన్నాలే లేవు. మధ్యలో ఇంకో బుల్లి డబ్బా కొనుక్కొచ్చి తగిలించాల్సి వచ్చింది. పాతదాన్ని కొత్తదానితో మాట్లాడించడానికి మధ్యవర్తి అన్నమాట.

ఫిబ్రవరి 9, ఆదివారం

పడ్డాడు.

మొదటి పలక మీదే పడ్డాడు. మళ్లీ పడ్డాడు. ఈ ఆటలో ఆగినచోటు దాచుకోవడం ఉండదు. ప్రాణాలయిపోతే మొదటికి పోవాల్సిందే. వంతెన దాకా రావడానికి కొండ, గుహ, తేనెటీగలు. అవన్నీ దాటి చెమట్లు పట్టి వంతెన దగ్గరికి వచ్చి మళ్లీ పడ్డాడు. ఇంకోసారి వచ్చేసరికి కోడలు ఇస్త్రీపెట్టె పెట్టింది, కరెంటు పోయింది. దాన్ని నేనన్న మాటలు రాయకు.

అప్పట్లో ఇంత కష్టమైన ఆటను పిల్లలకెలా ఇచ్చారో! కొడుకు తీసుకుని ఆడితే గుహ కూడా దాటలేదు. 

కానీ నేను ఒకటి కనిపెట్టాను. నేను నొక్కగానే వాడు ఎగరడం లేదు. నా మాట విని, లోపలికెళ్లి ఎవర్నో అడిగొచ్చి, అప్పుడు ఎగురుతున్నాడు. ఆఫీసు గుమాస్తాలా.

“టీవీ ఆలస్యంగా చూపిస్తోందిరా” అన్నాను.

వాడు నవ్వాడు. “ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుందమ్మా.”

ఫిబ్రవరి 10

కొడుకుతో మాట్లాడలేదు. రాయడానికేమీ లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

మాట్లాడాను, మాట్లాడాల్సిన అవసరం వచ్చింది కాబట్టి.

పెట్టెలో తుపాకీ ఉంది. టీవీకి గురిపెట్టి పిట్టల్ని కొట్టే ఆట. అప్పట్లో నేను కూర్చున్నచోటు నుంచి కదలకుండా కొట్టేదాన్ని. ఇవాళ పెట్టాను. పిట్టలన్నీ దర్జాగా ఎగిరిపోయాయి. టీవీకి తుపాకీ మూతి ఆనించి కాల్చినా ఒక్కటి రాలలేదు. కొడుకును పిలిచి ఇచ్చాను. వాడికీ పడలేదు. కోడలికీ పడలేదు. గిలక ఎలాగూ కళ్లు మూసుకునే కాలుస్తుంది.

“ఇంట్లో అందరికీ మూతి వంకరపోయిందా?” అని అడిగాను.

“తుపాకీ పాడైందేమోనమ్మా.”

“ఆహా! నువ్వు కాలిస్తే తుపాకీ పాడైంది. నేను నొక్కితే చెయ్యి పాడైంది. బాగుందిరా నీ న్యాయం. మద్దెల నిజంగానే ఓడైతే ఏం చేస్తావ్?”

కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వాడు తుపాకీ గొట్టంలోకి ఒంటికన్నుతో చూస్తూ నిలబడ్డాడు, జవాబు అందులో ఉన్నట్టు.

ఫిబ్రవరి 14

కొడుకు కొత్త పెట్టె తెచ్చాడు. అరచేతిలో పట్టేంతది. పాత ఆటలన్నీ దాన్లో ఉన్నాయట. తెరిస్తే బొమ్మలు లేవు, అక్షరాలే. మా పాత డబ్బాలైతే బొమ్మ చూసి తీసుకునేదాన్ని. గిలక కూర్చుని ఒక్కో పేరూ చదివింది, మధ్యాహ్నమంతా పట్టింది. టోపీవాడు దొరికాడు. రంగు వేరు. ఎగిరే మీట అటుది ఇటు వచ్చింది. పాట కాస్త పీలగా ఉంది. వాడి వేషం వేసుకున్న ఇంకెవడో అనిపించింది. అటక మీదికి పంపేశాను.

ఫిబ్రవరి 17, సోమవారం

టోపీవాడు ఆలస్యమైతే నేనే తొందరపడతాను. అంతకంటే ఏం చేస్తాం?

పలక జారబోయే ముందే వదిలేస్తున్నాను. కాలు పెట్టీ పెట్టకముందే. మొదట్లో ఒళ్లొప్పుకోలేదు. తడి ఆరకముందే అట్ట మూసినట్టు తప్పుగా అనిపించింది. కానీ పలకలు దాటాడు! ఇనుపగుండు దగ్గర పోయాడు. దాన్ని చూసి ఎగరాలి. చూసేసరికి అది నిజంగా ఎక్కడుందో ఎవరికి తెలుసు?

బొటనవేలు బొబ్బెక్కింది. కుడిది. ఎడంది ఎక్కలేదు.

ఫిబ్రవరి 18

గిలక నిన్నటిది చదివింది. “ఎడంది ఎందుకెక్కలేదు వదినా?” అని అడిగింది. నీకు రాసే పని ఇచ్చాను, అడిగే పని కాదు అన్నాను.

ఫిబ్రవరి 20, గురువారం

గిలకను తీసుకుని టీవీ మెకానిక్కు దగ్గరికి పోయాను. బస్‌స్టాండు వెనక సందులో కొట్టు. అన్నీ పల్చటి టీవీలే, గోడకు చేరగిలి వరసగా. ఒక్క పాత డబ్బా టీవీ మాత్రం మూలన ఉంది. దాని మీద టేబుల్ ఫ్యాను, ఫ్యాను మీద తువ్వాలు.

“అది పని చేస్తుందా?” అన్నాను.

“ఫ్యానా?”

“ఫ్యాను కింద ఉన్నది నాయనా.”

నా గొడవంతా చెప్పాను. టీ తాగుతూ విన్నాడు. “మీరన్నది నిజమే పెద్దమ్మా. కొత్త టీవీ బొమ్మ రాగానే చూపించదు. కాస్త సింగారించి చూపిస్తుంది. మీ తుపాకీ కూడా అందుకే పని చెయ్యట్లేదు, అది పాత టీవీ వెలుగుకే పలుకుతుంది.”

గిలక వైపు తిరిగి, “విన్నావా? అక్షరం పొల్లుపోకుండా రాసుకో” అన్నాను.

“అయితే ఒకటి” అన్నాడు వాడు, గ్లాసు కింద పెడుతూ. “టీవీ ఆలస్యం అనైతే చెప్పగలను. టీవీ ఒక్కటే ఆలస్యమా అంటే అది నాకు తెలీదు.”

ఇది రాయకు అన్నాను. రాసేసింది.

ఫిబ్రవరి 22, శనివారం

టీవీ వచ్చింది. వాడుకుని మళ్లీ ఇచ్చేయమన్నాడు మెకానిక్కు. కొడుకే మోశాడు. మెట్టుమెట్టుకూ ఆగి, “ఇందులో ఇటుకలు పెట్టి అమ్మేవాళ్లా ఏంటి?” అని మూలిగాడు.

“నీ చిన్నప్పుడు మీ నాన్న ఒక్కడే ఎత్తేవాడు.”

“నాన్న ఎత్తలేదమ్మా. నువ్వూ నాన్నా కలిసి ఎత్తారు. నువ్వు కిందివైపు.”

నాకు గుర్తు లేదు. వాడికి గుర్తుంది.

చెమట తుడుచుకుంటూ నేల మీదే కూర్చుండిపోయాడు. వెన్ను నొప్పి ఉన్నవాడు, కూలీని పిలవకుండా తనే మోశాడు. నేను ఓడిపోవాలని కోరుకునేవాడు ఈ బరువు మోస్తాడా? ఇది ఇప్పుడే తోచింది. రాయి, ఫర్వాలేదు.

ఫిబ్రవరి 23, ఆదివారం

దాటించాను!

షాపుకు సెలవు. అందరూ కూర్చున్నారు. డబ్బా టీవీ ముందు చిన్నగా గుయ్‌మంది, తర్వాత తెర నిండా వెలుగు. కొండ, గుహ, తేనెటీగలు. వంతెన వచ్చింది. పాట మారింది. కొడుకు మోకాళ్ల మీద ముందుకు వంగాడు.

పలక. పలక. పలక. ఇనుపగుండు అటు పోతోంది, ఇటు వస్తోంది. అది వెనక్కి తిరగకముందే వదిలాను, నొక్కాను. టోపీవాడు గుండు కిందుగా దూరి అవతల గడ్డి మీద పడ్డాడు. టోపీ ఊపాడు. ఆ టోపీ ఊపడం చూసి ఎన్నేళ్లయింది!

“దాటించిందిరోయ్!” అని అరిచాడు కొడుకు. వీధిలో పిల్లలు అరిచినట్టే. కోడలు చప్పట్లు కొట్టింది. గిలక ఏడ్చింది, దానికి దేనికైనా ఏడుపే.

కొడుకు జేబులోంచి తాళంచెవి తీసి రెండు చేతులతో ఇచ్చాడు. “మద్దెల ఓడేనమ్మా. ఒప్పుకున్నా.”

ఇది పెద్ద అక్షరాలతో రాయి.

ఫిబ్రవరి 24, సోమవారం

కిందికి దిగలేదు. కట్టలు ఉన్నాయి గానీ తొందరవి కావు. టీవీ తిరిగి ఇచ్చేలోపు ఇంకోసారి ఆడుకుందామని గిలకా నేనూ కూర్చున్నాం. సరదాకే.

వంతెన దగ్గరికి వచ్చాను. ఈ టీవీలో ఆలస్యం లేదు కదా, ఇక తొందరపడే పనేముంది, మునుపటిలాగే ఆడదాం అనుకున్నాను. పలక జారేదాకా ఆగి, అప్పుడు వదిలి నొక్కాను.

పడ్డాడు.

మళ్లీ మొదట్నుంచీ వచ్చాను. పలక జారేదాకా ఆగాను. పడ్డాడు. ఈసారి వేళ్ల వైపు చూస్తూ ఆడాను. కుడిది నొక్కేసింది. ఎడంది ఇంకా మీట మీదే ఉంది. నేను లెమ్మన్నాను. విని, లోపలికెళ్లి ఎవర్నో అడిగొచ్చి, అప్పుడు లేచింది.

నిన్నటిలా, పల్చటి టీవీ నేర్పినట్టు ముందే వదిలాను. దాటాడు. టోపీ ఊపాడు.

“అంటే వదినా, నిన్న...” అంది గిలక.

“నిన్న దాటాడుగా. కళ్లారా చూశావుగా.”

“చూశాను. కానీ పాత టీవీలో కూడా ముందే...”

“మద్దెల ఓడే గిలకా. దాన్లో అబద్ధం లేదు.”

అది కలం పట్టుకుని కూర్చుంది. నేను చెప్పేదాకా రాయలేదు.

ఆటా రాదు. రాయి.

ఫిబ్రవరి 25

నడుముకు తాళంచెవి ఉంది. బరువు అంతే ఉంది.

ఫిబ్రవరి 26, బుధవారం

“ఎప్పుడు దిగుతావమ్మా, కట్టలు పేరుకుపోయాయి” అన్నాడు కొడుకు. నడుం పట్టేసింది అన్నాను. నడుం బాగానే ఉంది.

మధ్యాహ్నం అందరూ తినడానికి పైకొచ్చాక కింద మిషన్ దగ్గరికి పోయాను. తాళం తీశాను. చెత్తకాగితాలు పెట్టాను, ఎడంచెయ్యి వాటి మీద ఆనించాను, కుడిచెయ్యి మీట పట్టుకుంది. ముందే వదిలితే వేళ్లకు భయం లేదు. ముందే వదిలి లాగాను. కట్ట జరిగింది, కోత వాలుగా పోయింది. అక్షరాల్లోకి పోయిన ఆ కోతలాగే. ఆ రోజు కూడా చెయ్యి తనంతట తానే భయపడి ముందే లేచిందేమో.

ముందు వదిలితే పుస్తకం పోతుంది. ఆగితే వేళ్లు పోతాయి. టోపీవాడికి దొరికినట్టు మధ్యలో చోటు దొరకదు ఇక్కడ.

తాళం వేసి పైకొచ్చాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

కోడల్ని పిలిచాను. “సోమవారం జడ ముడి వేసుకుని, గాజులు తీసి రా” అన్నాను.

“ఎందుకత్తయ్యా?”

“కత్తి దగ్గరికి గాజులతో వస్తావా?”

తాళంచెవి దాని అరచేతిలో పెట్టాను. కొడుకు అట్ట మీద జిగురు బ్రష్షు ఆపేశాడు.

“గెలిచావుగా అమ్మా. మళ్లీ ఇదేంటి?”

“గెలిచాను కాబట్టి నాది. నాది కాబట్టి నా ఇష్టం. విసుగొచ్చింది నాకు, ఎన్నేళ్లని కొయ్యను? బయటివాణ్ణి రానీయను. అంతే.”

“కత్తి నాకు అబ్బదన్నారుగా?” అంది కోడలు. మర్చిపోతుందా?

“అన్నాను. సత్తెకాలపు ఆట డబ్బా పళ్లు రబ్బరుతో రుద్దడం మాకెవ్వరికీ తోచలేదు, నీకు తోచింది. చూద్దాం.”

కొడుకు నా ఎడంచేతి వైపు చూశాడు. ఒక్క క్షణమే. మళ్లీ బ్రష్షు ఆడించాడు. వాణ్ణి పెంచింది నేనే.

మార్చి 3, సోమవారం

కోడలు కోసింది. పక్కన నిలబడి నేర్పాను. పాదాలు ఎలా పెట్టాలి, కట్ట అంచు ఎలా తట్టి సరిచెయ్యాలి, అరచేత్తో ఎంత అదమాలి. అన్నీ చెప్పాను. వెయ్యి తప్పులు పట్టాను, పట్టకపోతే నేనెందుకు?

“ఎప్పుడు వదలాలో మీరే చెప్పండి అత్తయ్యా” అంది.

“చెప్తాను. నా మాట మీదే వదులు, నా మాట మీదే లాగు.”

దాని చేతులే చూస్తున్నాను. కళ్లార్పలేదు. క్షణం కనపడింది నాకు, స్పష్టంగా. “ఇప్పుడు!” అన్నాను.

కత్తి అప్పటికే దిగి ఉంది. కట్ట అంచు దారం గీసినట్టు తిన్నగా ఉంది. కోడలి వేళ్లు దాని ఒళ్లో భద్రంగా ఉన్నాయి.

“మీరు ఏదో అన్నారు అత్తయ్యా?”

“నిన్ను కాదు. గిలకతో మాట్లాడుతున్నాను” అన్నాను.

గిలక పైన ఉంది అప్పుడు. కోడలికి తెలుసు. అయినా ఇంకో కట్ట తీసి పెట్టుకుంది.

పైకొచ్చాను. డబ్బా టీవీని రేపు పంపెయ్యాలి. తుపాకీ తీశాను. ఈ టీవీలో పిట్టలు పడుతున్నాయి. దానికి ఒక్క చెయ్యి చాలు.